వాన పడిన ప్రతిసారీ మా వాగులో చేపలు చస్తున్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీ కాలనీ వెనక చిన్న వాగు ఉంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీ ఏదీ లేదు. మామూలు రోజుల్లో నీళ్ళు ఫర్వాలేదు. వాన పడిన మర్నాడు మాత్రం తెల్లటి నురగ, నూనె తెట్టు, ఒక్కోసారి చచ్చి తేలిన చేపలు. రెండుసార్లు అందరూ కలిసి వాగు శుభ్రం చేశారు, నెల తిరక్కుండా మళ్ళీ మామూలే. ఇది ఎక్కడి నుంచి వస్తోంది, పదిహేను ఇళ్ళ వాళ్ళం మేం చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

చాలానే ఉందండీ. నేను 18 ఏళ్ళుగా వాన నీటి కాలువల తనిఖీ పనిలో ఉన్నాను. వాన మొదలవగానే అందరూ లోపలికి పరిగెడితే, మేం సీసాలు పట్టుకుని బయటికి వెళ్తాం. ఇన్నేళ్ళలో చూసిందాన్ని బట్టి చెప్తున్నాను, మీ వాగుకు వచ్చిన జబ్బు వాగులో పుట్టలేదు. మీ రోడ్ల మీద, ఇంటి కప్పుల మీద, బళ్ళు నిలిపే చోట ఎండ రోజుల్లో కొద్దికొద్దిగా పేరుకుంటోంది. వాన పడ్డ మొదటి అరగంటలో అదంతా ఒక్కసారిగా వాగుకు చేరుతోంది. మీరు శుభ్రం చేసిన రోజున ప్లాస్టిక్ పోయింది, అది మంచిదే. చేపల్ని చంపేది ఏదో అది మాత్రం పైన వీధిలో అలాగే ఉండిపోయింది.

ముందు ఒక అపోహ పోవాలి. రోడ్డు పక్క జాలీలోకి దిగిన నీళ్ళు ఎక్కడో శుద్ధి అయ్యాకే బయటికి వస్తాయని చాలామంది నమ్మకం. ఇంట్లో సింకు, బాత్‌రూమ్ నీళ్ళ దారి వేరు, మురుగు లైను ఉన్నచోట అవి మురుగునీటి శుద్ధి కేంద్రానికి వెళ్తాయి. వాన నీటి కాలువ దారి వేరు. చాలా చోట్ల అది మధ్యలో ఎక్కడా ఆగదు, ఏ వడపోతా ఉండదు, నేరుగా దగ్గర్లోని వాగులోకో చెరువులోకో పోతుంది. కొన్ని పాత నగరాల్లో రెండూ ఒకే గొట్టంలో పోయే ఏర్పాటు ఉంది. అక్కడ పెద్ద వాన వస్తే గొట్టం పట్టక మురుగూ వాననీళ్ళూ కలిసే నదిలోకి పొంగుతాయి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీది విడి గొట్టమే అనుకుంటున్నాను. మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగంలో డ్రైనేజీ మ్యాప్ అడిగితే తేలిపోతుంది.

ఒక వాన గురించి చెప్తాను. నలభై రోజులు చుక్క పడలేదు. ఆ రోజు మధ్యాహ్నం మబ్బు పట్టగానే నేనూ నాతో పనిచేసే అబ్బాయీ ఒక పార్కింగ్ స్థలం నుంచి వాగులోకి దిగే గొట్టం దగ్గర నిలబడ్డాం. గొట్టం నుంచి మొదటి ధార వచ్చిన నిమిషం నుంచి ఐదు నిమిషాలకొక సీసా నింపి పిట్టగోడ మీద వరసగా పెట్టాం. మొదటి సీసా వాడేసిన ఇంజిన్ ఆయిల్ రంగులో ఉంది. కదిపితే లోపల సన్నటి నల్లటి పొడి తిరుగుతోంది, పైన టైరు వాసన. రెండోదీ మూడోదీ బూడిద రంగు. ఏడో సీసాకు వచ్చేసరికి అవతల పెట్టిన కాగితం మీద అక్షరాలు కనిపిస్తున్నాయి. పన్నెండోది దాదాపు తేటగా ఉంది. అప్పటికి వాన ఇంకా జోరుగానే పడుతోంది, గొట్టం నిండుగానే పారుతోంది. అంటే ఆ వాన మోసుకొచ్చిన మురికిలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే వాగులో కలిసిపోయింది. మా పనిలో దీన్ని ఫస్ట్ ఫ్లష్ అంటాం. పెద్ద పెద్ద స్థలాల్లో ఇది ఇంత స్పష్టంగా కనిపించదు, ఎందుకంటే దూరం నుంచి వచ్చే నీళ్ళు ఆలస్యంగా చేరుతుంటాయి. చిన్న కాలనీలో, ఒక వీధి గొట్టంలో మాత్రం బాగా తెలుస్తుంది. ఇది మీకు కలిసొచ్చే విషయం. వాన మొత్తాన్నీ ఆపనవసరం లేదు, మొదట వచ్చే ఆ కాస్త నీటిని మట్టిలోకి మళ్ళించగలిగితే చాలావరకు పని అయినట్టే.

ఆ నీళ్ళు ఎంతో లెక్క వేయడం తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల ఇంటి కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్లు. మీ పదిహేను ఇళ్ళూ కలిపితే 37,500 లీటర్లు, అదీ రోడ్డు, సిమెంటు చేసిన వాకిళ్ళు లెక్కలోకి తీసుకోకుండా. ఇదే నేల ఒకప్పుడు చెట్లతో, మెత్తటి మట్టితో ఉన్నప్పుడు ఆ నీటిలో చాలా భాగాన్ని తాగేసేది. అంతే విస్తీర్ణం ఉన్న అడవి కంటే నగరంలోని ఒక బ్లాకు నుంచి ఐదు రెట్లకు పైగా నీళ్ళు పారతాయని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క. 1994లో టామ్ షూలర్ అనే నిపుణుడు అప్పటికి వచ్చిన పరిశోధనలన్నీ ఒక చోట పెట్టి చూపించిన విషయం మా పనిలో ఇప్పటికీ ఆధారం: ఒక వాగుకు నీళ్ళిచ్చే ప్రాంతంలో సుమారు 10 శాతం నేల సిమెంటు, తారు, కప్పుల కింద పడిపోయేసరికే ఆ వాగు పాడవడం మొదలవుతుంది. 25 శాతం దాటితే సున్నితమైన జీవులు చాలావరకు ఉండవు. మనం ఉండే కాలనీలు చాలావరకు ఆ గీత ఎప్పుడో దాటేశాయి.

నీళ్ళు ఎక్కువవడం కూడా ఒక రకమైన కాలుష్యమే అని ఒప్పుకోవడానికి జనానికి కష్టంగా ఉంటుంది. ఒక్కసారిగా వచ్చిపడే ప్రవాహం గట్టును కోస్తుంది. కోసిన మట్టి గులకరాళ్ళ మధ్య ఖాళీల్లో పూడుకుపోతుంది. చేపలు గుడ్లు పెట్టేదీ, పురుగులు బతికేదీ ఆ ఖాళీల్లోనే. ఎండకు కాలిన తారు మీద నుంచి వచ్చే మొదటి నీళ్ళు వేడిగా కూడా ఉంటాయి. నీరు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర. దానికి తోడు వీధిలో కుళ్ళిన ఆకులు, జంతువుల పెంట వచ్చి పడతాయి. వాటిని తినే బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను కూడా లాగేసుకుంటుంది. 5 మిల్లీగ్రాముల కిందికి వస్తే చాలా చేపలకు ఇబ్బంది మొదలవుతుంది, 2 కిందికి పడితే చస్తాయి. వాన తర్వాతి తెల్లవారుజామున మీ చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ కనిపిస్తే కారణం ఇదే అయి ఉండవచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది. అది తెలియడానికి రెండు దశాబ్దాలు పట్టింది. అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల వాగుల్ని 1990లలో ఎంతో శ్రమపడి బాగుచేశారు. చెత్త తీశారు, గట్లు సరిచేశారు, మొక్కలు నాటారు. సముద్రం నుంచి కోహో సాల్మన్ చేపలు తిరిగి రావడం మొదలైంది. అందరూ సంతోషించేలోపే మొదటి శరదృతువు వానలకు ఆ చేపలు గిరగిరా తిరుగుతూ, నోళ్ళు తెరిచి, కొన్ని గంటల్లో చచ్చిపోయాయి. ఆడచేపల పొట్టల్లో గుడ్లు అలాగే ఉన్నాయి. పురుగుమందులేమో అని చూశారు, లోహాలేమో అని చూశారు, రోగమేమో అని చూశారు. ఏదీ కాదు. చివరికి 2020 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధకులు అసలు పదార్థాన్ని పట్టుకున్నారు. టైర్లకు పగుళ్ళు రాకుండా రబ్బరులో కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. టైరు అరిగిన పొడితో పాటు అది రోడ్డు మీద పడి ఉంటుంది, వానతో వాగులోకి దిగుతుంది. అందులో ఎవరూ ఏదీ దొంగతనంగా పారబోయలేదు. జనం బళ్ళు నడిపారు, అంతే.

నేను ఈ కథ ప్రతి కాలనీలోనూ చెప్పడానికి ఒక కారణం ఉంది. మీలాగే వాళ్ళూ వాగును శుభ్రం చేశారు, మీలాగే నిరాశపడ్డారు. కానీ విషం పేరు దొరకడానికి ఐదేళ్ళ ముందే, 2015లోనే, అక్కడి శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు బయటపెట్టారు. రద్దీ రోడ్డు మీది వాననీటిని నేరుగా తొట్టిలో పోస్తే అందులోని కోహో చేపలన్నీ చచ్చాయి. అదే నీటిని ఇసుక, కంపోస్టు, చెట్టు బెరడు కలిపిన మట్టి పొర గుండా వడగట్టి పోస్తే చేపలు బతికాయి. విషం ఏమిటో తెలియకపోయినా మట్టి దాన్ని ఆపేసింది. కోహో జాతికి ఉన్నంత సున్నితత్వం అన్ని చేపలకూ ఉండదు, కాబట్టి మీ వాగులో చంపేది ఇదే అని నేననను. మందు మాత్రం ఏ వాగుకైనా దాదాపు అదే.

మట్టి గురించి వివరంగా చెప్పే ముందు, మీ నురగ, తెట్టు సంగతి తేల్చుకోండి. ఇక్కడే చాలామంది తొందరపడి ఎవరో ఒకరి మీద నింద వేస్తారు.

నూనె తెట్టులా మెరిసే పొర కనిపిస్తే ఒక పుల్ల తీసుకుని కదపండి. పగిలిన పెంకుల్లా ముక్కలు ముక్కలై విడిపోయి అలాగే ఉంటే అది ఇనుము తినే బ్యాక్టీరియా వేసిన పొర, హాని లేదు, పక్కన తుప్పు రంగు బురద కూడా కనిపిస్తుంది. పుల్ల తీయగానే పొర మళ్ళీ గుండ్రంగా తిరిగి కలుసుకుంటే అది పెట్రోలో డీజిలో ఆయిలో. నురగ విషయంలో ముక్కును నమ్ముకోండి. ఆకులు కుళ్ళి వచ్చే నురగ కాస్త గోధుమ రంగులో, మట్టివాసనతో, రాళ్ళ దగ్గర చేరుతుంది. సబ్బు నురగ తెల్లగా, సువాసనతో, గొట్టం నోటి దగ్గరే ఎక్కువగా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షకు పైసా ఖర్చు లేదు. వాన పడి మూడు రోజులు గడిచాక, పొడి వాతావరణంలో వెళ్ళి వాగులోకి తెరుచుకునే గొట్టాలన్నీ చూడండి. వాననీటి గొట్టం అప్పుడు ఎండిపోయి ఉండాలి. ఏ గొట్టంలోనైనా సన్నగా ధార కారుతుంటే దాని వెనక ఏదో ఉంది. తేటగా చల్లగా ఉంటే భూగర్భజలం కావచ్చు. బూడిద రంగులో ఉండి, గొట్టం అంచున జిగురులాంటి పీచు వేలాడుతుంటే ఎవరి మురుగు గొట్టమో పొరపాటున దీనికి కలిపారు. ప్రతి గొట్టానికీ ఒక నంబరు వేసి, తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. "మా వాగు కంపు కొడుతోంది" అన్న ఫిర్యాదును ఎవరూ కదిలించరు. "7వ నంబరు గొట్టంలో వాన లేని రోజుల్లో నాలుగుసార్లు సబ్బునీళ్ళు వచ్చాయి, ఇవిగో ఫొటోలు" అంటే ఏ అధికారైనా మనిషిని పంపాల్సిందే.

ఒకసారి ఇలాగే నురగ వెంట పైకి వెళ్ళాం. గొట్టం నోటి నుంచి మొదలుపెట్టి మ్యాన్‌హోల్ తర్వాత మ్యాన్‌హోల్ మూత తీయించి చూస్తూ వెళ్ళాం. నాలుగోదానిలో నురగ ఉంది, ఐదోదానిలో లేదు. ఆ రెండింటి మధ్య బళ్ళు కడిగే చోటు ఒకటి ఉంది. యజమానితో మాట్లాడితే ఆయన ముఖం పాలిపోయింది. ఆ జాలీ మురుగు కాలువదే అనుకున్నాడు, పదేళ్ళుగా అలాగే అనుకున్నాడు. మేం రంగు కలిపిన నీళ్ళు అందులో పోసి, ఇరవై నిమిషాల తర్వాత వాగులో ఆ పచ్చరంగు తేలడం ఆయన కళ్ళతోనే చూపించాం. వారం తిరక్కుండా కడిగే నీళ్ళను మురుగు లైనుకు మళ్ళించుకున్నాడు. ఆ రోజు మేం అరుచుకుంటూ వెళ్ళి ఉంటే ఆ పని అంత త్వరగా అయ్యేది కాదని నా గట్టి నమ్మకం. (రంగు పరీక్ష మీ అంతట మీరు చేయకండి. దానికి వాడే రంగు వేరు, అనుమతి కావాలి, మున్సిపల్ వాళ్ళతోనే చేయించండి. మ్యాన్‌హోల్ మూతలు కూడా మీరు తీయకూడదు. లోపలి విషవాయువు ప్రాణం తీస్తుంది.)

ఇక మీ చేతుల్లో ఉన్న పనులు. అన్నిటిలోకి తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చేది చీపురు. ఆకులు సహజమైనవే కదా, వాగులో పడితే ఏమవుతుంది అనుకుంటాం. అడవిలో ఆకు మట్టి మీద పడి అక్కడే కుళ్ళుతుంది. రోడ్డు మీద పడిన ఆకు బళ్ళ కింద నలిగి, వాననీటిలో నాని, అందులోని భాస్వరాన్నంతా కాలువలోకి వదిలేస్తుంది. భాస్వరం వాగులోకి, చెరువులోకి వెళ్తే నాచుకు పండగే. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక సరస్సును మధ్యలో ప్లాస్టిక్ తెరతో రెండుగా విడదీసింది. ఒక సగంలో కార్బన్, నత్రజని వేశారు. రెండో సగంలో ఆ రెండిటితో పాటు భాస్వరం కూడా వేశారు. కొన్ని వారాల్లో రెండో సగం పచ్చటి నాచుతో నిండిపోయింది, మొదటిది తేటగానే ఉండిపోయింది. పైనుంచి తీసిన ఆ ఫొటో చూసినవాళ్ళు మర్చిపోలేరు.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో అమెరికా భూవిజ్ఞాన సంస్థ వాళ్ళు ఆకులు రాలే కాలంలో ఒక వీధిని వానకు ముందే శుభ్రం చేయిస్తూ, ఇంకో వీధిని వదిలేసి పోల్చి చూశారు. శుభ్రం చేసిన వీధి నుంచి కాలువలోకి వెళ్ళిన భాస్వరం 84 శాతం తగ్గింది. ఇందులో కీలకం "వానకు ముందే" అన్న మాట. వాన పడ్డాక ఊడిస్తే వీధి అందంగా ఉంటుంది, వాగుకు ఒరిగేదేమీ లేదు. మీ కాలనీలో ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క జాలీ అప్పజెప్పుకోండి. వాన సూచన రాగానే ఫోన్‌లో ఒక మెసేజ్ పెట్టుకుని ఎవరి జాలీ చుట్టూ వాళ్ళు పది నిమిషాలు ఊడవండి. ఊడ్చిన ఆకుల్ని జాలీలోకే నెట్టేయకండి, ఇది నేను వారానికి ఒకసారైనా చూస్తుంటాను. ఎత్తి కంపోస్టు గుంతలో వేయండి. కుక్కను తిప్పేవాళ్ళు దాని పెంటను కూడా ఎత్తాలి. గ్రాము కుక్క పెంటలో రెండు కోట్లకు పైగా పెంట సంబంధమైన బ్యాక్టీరియా ఉంటుంది. మొక్కలకు ఎరువు వేసేవాళ్ళు వాన ముందు రోజు వేయకూడదు. పెయింటు బ్రష్షులు, సిమెంటు కలిపిన తట్టలు జాలీ దగ్గర కడగకూడదు. సిమెంటు నీళ్ళలో సున్నం ఎంత ఘాటుగా ఉంటుందంటే చిన్న వాగులో చేపల మొప్పలు కాలిపోతాయి.

రెండో పని, కప్పు మీది నీటిని రోడ్డు ఎక్కనివ్వకపోవడం. ఇంటి పైనుంచి దిగే గొట్టం చాలావరకు నేరుగా వీధి కాలువలోనో సిమెంటు వాకిట్లోనో తెరుచుకుంటుంది. దాన్ని కోసి, మోచేతి ముక్క పెట్టి, మొక్కల వైపు తిప్పడం ఒక పూట పని. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం 1993 నుంచి 2011 వరకు ఇదే ఒక కార్యక్రమంగా పెట్టుకుని వేల ఇళ్ళ గొట్టాలు ఇలా మళ్ళించింది. మురుగూ వాననీళ్ళూ కలిసి పోయే గొట్టాల్లోకి చేరే నీళ్ళు ఏటా వందల కోట్ల లీటర్లలో తగ్గాయి. ఒక్క ఇంటి గొట్టం వల్ల ఏమవుతుందని అడిగేవాళ్ళకు పైన చెప్పిన 2,500 లీటర్ల లెక్క చూపించండి.

మళ్ళించిన నీళ్ళు వెళ్ళే చోటును వాన తోట అందాం. నా దృష్టిలో మొత్తం ఈ జవాబులో మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. 1990ల మొదట్లో మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో సోమర్‌సెట్ అనే కొత్త కాలనీలో ఇంటికొకటి చొప్పున ఇలాంటివి వేసి మొదటిసారి పెద్ద ఎత్తున చూపించారు. చూడ్డానికి మామూలు పూలమడిలా ఉంటుంది, కాకపోతే గట్టులా పైకి కాకుండా పళ్ళెంలా లోతుగా ఉంటుంది. ముందు నేల తాగుతుందో లేదో చూడాలి. 30 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి, నీళ్ళు నింపి ఇంకిపోనిచ్చి, మళ్ళీ నింపి ఒక స్కేలు నిలబెట్టండి. గంటకు రెండున్నర సెంటీమీటర్లు దిగితే చాలా బాగున్నట్టు. సెంటీమీటరు కంటే తక్కువ దిగితే బంకమట్టి ఎక్కువ, అక్కడ ఇంకో స్థలం చూడండి లేదా లోతుగా తవ్వి ఇసుక, కంపోస్టు కలిపిన మట్టి నింపండి. ఇంటి పునాదికి కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. సెప్టిక్ ట్యాంకు మీద, పెద్ద చెట్టు వేళ్ళ మధ్య వద్దు.

15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు పళ్ళెం చాలు. అడుగు సమతలంగా ఉండాలి, ఇది నొక్కి చెప్తున్నాను. ఒక పక్కకు వాలితే నీళ్ళన్నీ అక్కడే చేరి ఆ మూల బురదవుతుంది, మిగతాది ఎండుతుంది. నీళ్ళు దిగే చోట నాలుగు రాళ్ళు పరవకపోతే మొదటి వానకే మట్టి కోసుకుపోతుంది. పెద్ద వానలో నిండి పొర్లితే నీళ్ళు ఎటు పోవాలో ముందే ఒక పక్క గట్టు కాస్త తగ్గించి దారి ఇవ్వండి, అది పక్కింటి వైపు కాకూడదు. మొక్కలు మీ ప్రాంతంలో సహజంగా పెరిగేవి, ఒక రోజు నీళ్ళలో నిలబడినా, నెల రోజులు ఎండినా తట్టుకునేవి ఎంచుకోండి. లోతుగా వేళ్ళు దించే గడ్డి జాతులు చాలా మంచివి, ఆ వేళ్ళే మట్టిలో నీటికి దారులు తెరుస్తాయి. మొదటి ఏడాది కలుపు తీయాలి, ఎండల్లో నీళ్ళు పోయాలి. రెండేళ్ళకోసారి పైన పేరుకున్న సన్నటి నల్లమట్టి పొరను గరిటె మందాన గీకి తీసేయండి. రోడ్డు మురికి అంతా ఆగేది ఆ పొరలోనే.

దోమల గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా సుమారు వారం పడుతుంది. సరిగ్గా తవ్విన వాన తోట ఒకటి రెండు రోజుల్లో ఎండిపోతుంది. మూడో రోజుకూ నీళ్ళు నిలిచి ఉంటే అది తోట తప్పు కాదు, తవ్వకంలో లోపం, సరిచేయాలి.

వాగు గట్టు విషయంలో ఒక మాట. మీరు పంపిన వివరాల్లో శుభ్రం చేసిన రోజున గట్టు మీది గడ్డి, పొదలు కూడా కోసేశామని ఉంది. దయచేసి ఇంకెప్పుడూ అలా చేయకండి. ఆ రెల్లు, తుంగ, పొదలే మీ వాగుకు ఆఖరి జల్లెడ. వాటి వేళ్ళు గట్టును పట్టుకుంటాయి, నీడ నీటిని చల్లగా ఉంచుతుంది. ప్లాస్టిక్ ఏరండి, మొక్కల్ని వదిలేయండి. నడవడానికి ఒకచోట సన్నటి దారి ఉంచుకుంటే సరిపోతుంది. సింగపూర్‌లో బిషాన్-ఆంగ్ మో కియో పార్కులో 2.7 కిలోమీటర్ల సిమెంటు కాలువను తీసేసి, 2012 నాటికి 3.2 కిలోమీటర్ల వంపుల వాగుగా మార్చారు. గట్టు మీద మొక్కలే రాళ్ళ పని చేస్తున్నాయి. ఉన్న సిమెంటును పగలగొట్టి వాళ్ళు తెచ్చుకున్నది మీ దగ్గర ఇప్పటికే ఉంది.

చీపురు, పార, గొట్టం ముక్కతో ఆగని మురికి కూడా ఉంటుంది. బ్రేకు అరిగితే రాలే రాగిని ఏ కాలనీ ఆపగలదు? అక్కడ చట్టం కావాలి. 1969లో క్లీవ్‌లాండ్‌లో కయహోగా నది మీది నూనె తెట్టు అంటుకుని మండింది. 1972లో అమెరికా స్వచ్ఛ జల చట్టం వచ్చింది. అది ముందు ఫ్యాక్టరీల, మురుగు గొట్టాల మీదే దృష్టి పెట్టింది. వాననీటి కాలువలకు అనుమతులు, నియమాలు ఉండాలని రాసుకోవడానికి 1987 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత మూలం దగ్గరే ఆపే చట్టాలు మెల్లగా వచ్చాయి. కాలిఫోర్నియా 2010లో చేసిన చట్టం ప్రకారం బ్రేకు ప్యాడ్లలో రాగి 2021 నాటికి 5 శాతానికి, 2025 నాటికి అర శాతానికి తగ్గాలి. మిన్నెసోటా పచ్చిక మీద వేసే ఎరువులో భాస్వరాన్ని 2005 నాటికి రాష్ట్రమంతటా కట్టడి చేసింది.

నాకు బాగా నచ్చేది టెక్సస్‌లోని ఆస్టిన్ కథ. అక్కడ నగర సిబ్బంది వాగు అడుగు మట్టిలో క్యాన్సర్ కారకాలైన పీఏహెచ్‌లు అనే రసాయనాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుక్కుంటూ పైకి వెళ్తే, పార్కింగ్ స్థలాలకు నల్లగా మెరుపు కోసం పూసే కోల్‌టార్ పూత దగ్గర తేలింది. నగరం 2006 నుంచి ఆ పూతను నిషేధించింది. కొన్నేళ్ళకు దిగువనున్న సరస్సు మట్టిలో ఆ విషాలు సగానికి పైగా తగ్గాయని కొలతల్లో బయటపడింది. మీరు ఫోటోలతో గొట్టం వెంట పైకి వెళ్ళడం, వాళ్ళు చేసింది, రెండూ ఒకే పని.

బాల్టిమోర్‌లో 2014లో జోన్స్ ఫాల్స్ వాగు హార్బరులో కలిసే చోట నీటి చక్రం, సోలార్ కరెంటుతో చెత్తను పట్టే యంత్రం పెట్టారు, ఆ ఫొటోలు చూసి "మాకూ ఒకటి కావాలి" అనేవాళ్ళు చాలామంది. అది చేసే పని గొప్పదే. తేలే చెత్తను పట్టుకుంటుంది. నీటిలో కరిగిన భాస్వరం, టైరు విషం, సబ్బు దానికి దొరకవు. మీ దగ్గర కాస్త డబ్బు పోగైతే ముందు వాన తోటల మీద పెట్టమనే నా సలహా. వాగులో మందులు, "మంచి బ్యాక్టీరియా" పొడులు చల్లిస్తామని వచ్చేవాళ్ళకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పైనుంచి వచ్చేది ఆగనంతకాలం అవి నిలవవు.

బాగవుతోందో లేదో ఎలా తెలుస్తుందని కూడా అడిగారు. నీటి రంగు చూసి నిర్ణయించకండి. మోకాలి లోతు నీళ్ళలో అరచేయంత రాయి తీసి తిరగేయండి. అడుగున ఏముందో చూడండి. సన్నటి ఎర్ర పురుగులు, జలగలు తప్ప ఏమీ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ సరిగా లేదు. తోకకు రెండు మూడు పోగులతో, పొట్ట పక్కన ఈకల్లాంటి మొప్పలతో చదునుగా పాకే మేఫ్లై పిల్లలు, ఇసుక రేణువుల్ని అతికించి గూడు కట్టుకునే కాడిస్ పురుగులు కనిపిస్తే నీళ్ళు బాగుపడుతున్నట్టే. అవి మురికిని తట్టుకోలేవు, నెలల తరబడి నీటిలోనే ఉంటాయి కాబట్టి ఒక్క రోజు పరీక్షలో దొరకనిది కూడా అవి చెప్తాయి. మూడు నెలలకోసారి అదే చోట, అదే పది రాళ్ళు తిప్పి లెక్క రాసుకోండి. పిల్లల్ని తీసుకెళ్ళండి, వాళ్ళ కళ్ళకు మనకంటే త్వరగా కనిపిస్తాయి. ఫలితం ఒక్క సీజన్‌లో రాదు. నేను చూసిన వాగుల్లో మొదటి మార్పు కనిపించడానికి రెండు మూడేళ్ళు పట్టింది.

ప్రస్తుతానికి వరస ఇలా పెట్టుకోండి. ఈ వారం పొడి రోజున గొట్టాలు లెక్కపెట్టి నంబర్లు వేయండి. వచ్చే వానకు ఇద్దరు మనుషులు, పన్నెండు సీసాలు, ఒక గడియారం. వాగులో దిగకుండా గట్టు మీద నుంచే నింపండి, ప్రవాహం పెరిగితే వెనక్కి వచ్చేయండి, సీసా పోతే పోనివ్వండి. సీసాలు వరసగా పెట్టి ఒక తెల్ల కాగితం ముందు ఫొటో తీయండి. ఏ గొట్టం సీసాలు అన్నిటికంటే నల్లగా వచ్చాయో దాని పైనున్న వీధిలోనే మొదటి వాన తోట తవ్వండి. ఆ ఫొటో, మీ గుంత ఇంకుడు కొలత నాకు చెప్పండి, ఎంత వెడల్పు తవ్వాలో లెక్క కట్టి ఇస్తాను.